ఏడెకరాల చెక్క

ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉన్న ప్లైవుడ్ షీటు ఒకటి కొంటే అది ఎంత పొలం అవుతుంది? ఈ ప్రశ్న వడ్రంగికి రాదు, ఇంజనీరుకి రాదు. రైతు కొడుక్కి మాత్రం వచ్చి తీరుతుంది. ఆప్టిక్సు నోట్సు వెనక అట్ట మీద లెక్క కట్టాను. నూరింటికి ఒకటి చొప్పున కుదిస్తే, అనగా నేల మీద మీటరు చెక్క మీద సెంటీమీటరు అయితే, ఆ షీటు 7 ఎకరాల 35 సెంట్లు. మా వైపు పొలం ముక్కనీ చెక్క అనే అంటారు గనక "ఏడెకరాల చెక్క కొన్నానోయ్" అని హాస్టలంతా చెప్పుకు తిరిగాను. మా వంశంలో ఒక్కసారిగా ఏడెకరాలు కొన్నవాణ్ణి నేనే!

ఇంతకీ ఆ చెక్క దేనికంటే, రైలుకి. మా ఫిజిక్సు మాస్టారొకరి దగ్గర ఆయన చిన్ననాటి బొమ్మరైలు సెట్టు ఒకటి అటక మీద మూలుగుతూ ఉండేది. ఇంజను, మూడు పెట్టెలు, అట్టపెట్టె నిండా పట్టాలు. "ఫిబ్రవరి 28న సైన్సు డే ఎగ్జిబిషను ఉందిగా, దీంతో ఏమైనా చేసి చావండర్రా" అని ఆశీర్వదించి ఇచ్చేశారు. మేం నలుగురం పోగయ్యాం. నేను కైకలూరు వైపు వాణ్ణి. ఇద్దరు వాల్తేరు కుర్రాళ్ళు, వాళ్ళలో ఒకడు లోకో పైలట్ గారబ్బాయి. నాలుగోవాడు టెక్కలి వైపు నుంచి వచ్చిన బొమ్మల కళాకారుడు. ముగ్గురికి పని తెలుసు. నాకు పొలం తెలుసు.

బొమ్మరైళ్ళ లోకం చాలా పెద్దది. జర్మనీలో మార్‌క్లిన్ కంపెనీ 1891లోనే వరస కొలతలతో రైలు సెట్లు అమ్మకానికి పెట్టింది. హాంబర్గులో 2001లో తెరిచిన మినియేచర్ వండర్‌లాండ్ చూడ్డానికి దేశదేశాల జనం వెళతారు. అంతదూరం ఎందుకు, మన పూనాలో జోషీ గారి మ్యూజియం 1998 నుంచి ఉంది. వీటిలో ఎక్కువమంది వాడే కొలత హెచ్.ఓ. అంటారు. 87కి ఒకటి. పట్టాల మధ్య దూరం పదహారున్నర మిల్లీమీటర్లు. యూరపులో అసలు పట్టాల దూరం 1435 మిల్లీమీటర్లు. 87తో భాగిస్తే సరిగ్గా అంతే వస్తుంది. కానీ మన బ్రాడ్‌గేజి 1676. పదహారున్నర మిల్లీమీటర్ల పట్టాల మీద మన రైలు నడవాలంటే అది 101కి పైచిలుకు ఒకటి కావాలి. ఆ పైచిలుకు వదిలేస్తే నూటికి ఒకటి! ఇంత సుఖమైన లెక్క మన దేశానికి తప్ప ఇంకే దేశానికి దక్కిందో నాకు తెలీదు. స్కేలు మీద సెంటీమీటరు చూడ్డం, మీటరనుకోవడం. మనిషి ఒక సెంటీమీటరు ఏడు మిల్లీమీటర్లు. తాడిచెట్టు ఒక జానెడు. స్లీపరుకీ స్లీపరుకీ ఎడం ఆరు మిల్లీమీటర్లు.

అయితే పొడవులు నూరో వంతు అయితే బరువు నూరో వంతు కాదు. పొడుగూ వెడల్పూ ఎత్తూ మూడూ తగ్గుతాయి గనక బరువు పదిలక్షలో వంతు. మన దేశంలో 1962లో దిగి దశాబ్దాలపాటు బళ్ళు లాగిన డబ్ల్యూడీఎం-2 డీజిలింజను 112.8 టన్నులు. నూటికి ఒకటి చేస్తే 113 గ్రాములు. అంటే పావుకేజీ వంకాయల్లో సగం. మేం మాస్టారి ఇంజను కింది భాగం అలాగే ఉంచి, పైన అట్టతో డబ్ల్యూడీఎం-2 చొక్కా కుట్టి తొడిగి, కిరాణాకొట్లో తూకం వేయించాం. అంతకి రెండింతల పైనే తూగింది. మంచిదే. మరీ తేలికైతే చక్రాలు పట్టు దొరక్క ఉన్నచోటనే గిరగిరా తిరుగుతాయి. దుక్కిలో ట్రాక్టరు దిగబడ్డప్పుడు వెనకాల నలుగురు ఎక్కి నిలబడ్డం మీరు చూసే ఉంటారు. అదే సూత్రం.

ఇక్కడ మాకు మొదటి తగువు వచ్చింది. వాల్తేరు మిత్రులిద్దరూ అరకు లైను చేద్దామన్నారు. కొత్తవలస-కిరండూలు మార్గం, యాభై పైచిలుకు సొరంగాలు, కొండలు, లోయలు. చూసేవాళ్ళ కళ్ళు చెదరాలన్నారు. పైగా అందులో సౌకర్యం కూడా ఉంది. బొమ్మరైలు గుండ్రంగా తిరిగి వచ్చిన చోటికే రావాలి కదా, ఆ తిరగడాన్ని దాచడానికి కొండంత చాటు ఇంకేముంటుంది? రైలు సొరంగంలో దూరుతుంది, కాసేపటికి ఇంకో సొరంగంలోంచి వస్తుంది, చూసేవాడు అది ఎక్కడికో వెళ్ళి వచ్చిందనుకుంటాడు. అందుకే ప్రపంచంలో సగం బొమ్మరైళ్ళు కొండల్లోనే తిరుగుతాయి.

నేను మాత్రం మా ఊరే చేద్దామన్నాను. "మీ ఊళ్ళో ఏముందిరా?" అన్నారు. నిజమే. గుడివాడ-భీమవరం లైను మీద ఒక చిన్న స్టేషను. కొండ లేదు, గుట్ట లేదు. రైలు కట్ట ఒక్కటే ఊళ్ళో ఎత్తయిన స్థలం. వరదొస్తే ఊరంతా దాని మీదికే పోతుంది. చూపు ఆనినంత దూరం చదును. ఆ చదునులో రైలు వంకర తిరగడాన్ని ఎక్కడ దాస్తావు? మూడు రోజులు వాదించుకున్నాక లోకో పైలట్ గారబ్బాయే "కష్టమైందే చేద్దాం, కొండలు ఎవడైనా చేస్తాడు" అని నా పక్షం వచ్చాడు. వెనక వైపు పట్టాలకి అడ్డంగా తాడితోపు, రెండు గడ్డివాములు, ఓ రైసుమిల్లు గోడ పెట్టాం. పల్లెటూళ్ళో దాచుకోడానికి చాటు తక్కువేం కాదు, వెతుక్కోవాలంతే.

పొలం విషయం వచ్చేసరికి నేను ఒక మొండిపట్టు పట్టాను. మిగతావన్నీ కుదించడానికి ఒప్పుకున్నాను. పట్టాల వంపు తీసుకోండి. మన రైల్వేలో బ్రాడ్‌గేజి వంపుకి వ్యాసార్ధం 175 మీటర్లకి తగ్గకూడదు. ఆ లెక్కన బొమ్మలో మీటరూ ముప్పావు కావాలి. మా పట్టాలది 46 సెంటీమీటర్లు. నిజం రైలు అలా తిరిగితే అందులోనివాళ్ళు పొలాల్లో ఉంటారు. ప్లాట్‌ఫారం కూడా అంతే, పది పన్నెండు పెట్టెలకి సరిపోయేది కడితే షీటు దాటిపోతుంది. ఒక్కో పెట్టె 21 సెంటీమీటర్ల పైన. అందుకే మూడు పెట్టెల బండి, నాలుగు పెట్టెల ప్లాట్‌ఫారం. అన్నిటికీ సరే అన్నాను. రైలు కట్ట పక్కన మాకున్న ఎకరం నలభై సెంట్లు మాత్రం సెంటు కూడా తగ్గకూడదన్నాను. నూటికి ఒకటి లెక్కన అది ముప్పావు మీటరు చదరం. పట్టాల మధ్యలో సరిపోయింది.

హాస్టలు గుమ్మంలోంచి ఎనిమిదడుగుల షీటు పోదు గనక దాన్ని రెండుగా కోయించాలి. పూర్ణా మార్కెట్టు దగ్గర వడ్రంగి "నాలుగూ నాలుగూ కోసేస్తాను బాబూ" అని రంపం ఎత్తాడు. కాదు, అయిదూ మూడూ అన్నాను. ఎందుకలా అన్నాడు. పొలం మధ్యనుంచి కోత పడుతుంది మరి! ఆయన నా వంక ఓసారి చూసి, ఏమీ అనకుండా అయిదూ మూడూ కోసిచ్చాడు.

ఇక అసలు సంగతి. ఆ ఎకరం నలభై సెంట్లలో ఏం పెట్టాలి?

ఇప్పుడక్కడ పొలం లేదు. కొల్లేటి చుట్టుపట్ల ఊళ్ళ కథ మీలో చాలామందికి తెలిసిందే. 1980ల నుంచి చేపల చెరువులు పెరిగాయి. 2006లో కొల్లేరు అభయారణ్యం లోపలి చెరువు గట్లని ప్రభుత్వం కొట్టించింది. మా ఊరు దానికి వెలుపల ఉంది. వెలుపల ఒక్కొక్క చేనే చెరువైపోతూ వచ్చింది. మా పొలానికి మూడు వైపులా చెరువులు వచ్చాక వరి నిలబడటం మానేసింది. చెరువులో నీళ్ళు ఏడాది పొడుగునా నిలవుంటాయి. గట్టు కిందుగా ఊట మా మళ్ళలోకి దిగేది. కోతలనాటికి చేను ఆరాలి. ఆరేది కాదు. కోతమిషను దిగితే దిగబడేది, మనుషుల్ని పెడితే కూలికే గింజలు చాలేవి కావు. రెండు సార్వాలు అలా చూసి, 2021 వేసవిలో నాన్న లీజుకి ఇచ్చేశాడు. ప్రొక్లెయిన్ వచ్చి నాలుగు రోజుల్లో గట్లన్నీ ఎత్తేసింది. మా చెక్క ఒక్కటే ఒక చెరువు కాలేదు. పక్కవాళ్ళవీ కలిపి పన్నెండెకరాల చెరువు తవ్వారు. అందులో మాదొక మూల. హద్దు రాళ్ళు నీళ్ళ అడుగున ఉన్నాయి. మాది ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతుందో పాసుపుస్తకంలో తప్ప కంటికి కనబడదు. నా మెస్సు బిల్లు ఆ నీళ్ళలోంచే వస్తోంది. కాబట్టి నేను దాన్ని తిట్టి రాయబోవడం లేదు.

సంక్రాంతి సెలవులకి వెళ్ళినప్పుడు నాన్నని అడిగాను, మన పొలం గట్లు ఎలా ఉండేవో గీసిపెట్టమని. ఎందుకురా అన్నాడు. చెప్పాను. నవ్వలేదు. సుద్దముక్క తీసుకుని వసారా గచ్చు మీద కూర్చున్నాడు. ముందు రైలు కట్ట గీశాడు. తర్వాత పంటబోదె. బోదె మీద తూము. ఆ తూము నుంచి ఒక్కొక్క మడీ. పెద్దమడి, బాడవమడి, మూడు మూలల మడి, తుమ్మచెట్టు మడి... ఏడు మళ్ళు. ప్రతిదానికీ ఎన్నడుగులో చెప్పాడు. నేను కాగితం మీద వేసుకుంటున్నాను. నాయనమ్మ మంచం మీంచి చూస్తోంది. "ఆకుమడి కట్ట పక్కన కాదురా, బోదె పక్కన" అంది. "అది మీ హయాంలో అమ్మా, నేను మార్చాను" అన్నాడు నాన్న. "ఎప్పుడు మార్చావు? నాకు చెప్పకుండా ఎప్పుడు మార్చావు?" అని ఆవిడ లేచి కూర్చుంది. నీళ్ళ కింద ఉన్న ఆకుమడి గురించి తల్లీకొడుకులు రాత్రి పది దాకా పోట్లాడుకున్నారు. అమ్మ అన్నాలకి పిలిచి పిలిచి విసుక్కుంది.

మర్నాడు ఆ కొలతలన్నీ కూడితే 1 ఎకరం 38 సెంట్లు వచ్చింది. పాసుపుస్తకంలో ఉన్నది 1 ఎకరం 40. మిగతా రెండు సెంట్లు ఏమయ్యాయంటే "గట్ల కింద పోయుంటాయిలే" అన్నాడు నాన్న, కళ్ళజోడు తుడుచుకుంటూ. ఇన్నేళ్ళలో ఆయన ఎప్పుడూ టేపు పెట్టి కొలవలేదు. మన లాబుల్లో ప్రాక్టికల్సు చేసేవాళ్ళం ఒకటిన్నర శాతం ఎర్రరు అంటే ఏమిటో ఎరుగుదుం.

"ఇంతకీ ఏది పెట్టమంటావు నాన్నా, చేనా చెరువా?" అన్నాను. నాయనమ్మ చేను అంది. నాన్న "ఉన్నదే పెట్టాలి కదరా, సైన్సు చదివేవాడివి" అన్నాడు. కాసేపాగి "అయినా నీ ఇష్టం" అన్నాడు.

హాస్టలుకి వచ్చాక టెక్కలి మిత్రుడు మార్గం చూపాడు. ఆ ముప్పావు మీటరు చదరాన్ని గుంటలాగా కోసి, అందులో పళ్ళెంలాగా అమర్చి తీసేసేట్టు చేద్దామన్నాడు. ఒక పళ్ళెంలో చేను. ఇంకో పళ్ళెంలో చెరువు. ఏది కావాలంటే అది దించవచ్చు.

వరి చెయ్యడం అన్నిటికంటే కష్టం. జానెడు వెడల్పు, దానికి కాస్త తక్కువ ఎడంలో నాట్లు వేస్తే చదరపు మీటరుకి 33 కుదుళ్ళు. మా చెక్కకి లక్షా ఎనభై ఆరు వేల పైన! ఒక్కొక్కటీ నాటాలంటే బియస్సీ చాలదు, ఎమ్మెస్సీ కూడా అయిపోతుంది. కొబ్బరిపీచు డోర్‌మ్యాటు కొని, మళ్ళ ఆకారంలో కత్తిరించి, పైన ఆకుపచ్చా పసుపూ కలిపి చల్లాం. పాలు పోసుకునే అదనులో చేను ఎలా ఉంటుందో అచ్చం అలా వచ్చింది. గట్లకి మా పొలం మన్నే తెచ్చాను, చెరువు గట్టు మీంచి. జల్లెడపట్టి ఫెవికాల్‌తో కలిపాం. ఆ నల్లమన్ను ఉత్తినే పూస్తే ఆరి నెర్రెలిస్తుంది. నిజం నెర్రె వేలెడు వెడల్పుంటే పొలానికి సహజం, బొమ్మలో అదే వేలెడు నెర్రె మీద వంతెన కట్టాలి. ప్రకృతి మన స్కేలు పాటించదు. నీళ్ళు కూడా అంతే. చెరువులో నిజం నీళ్ళు పోద్దామన్నవాళ్ళకి నేను తలతన్యత పాఠం చెప్పాను. నీటిబొట్టు పరిమాణం నూరో వంతు కాదు. గట్టు అంచున నీళ్ళు ఉబ్బి నిలబడతాయి, చెరువు కాస్తా మూకుట్లో నూనెలాగా కనబడుతుంది. అందుకని అట్టకి ఆకుపచ్చ కలిసిన బూడిదరంగు వేసి, పైన వార్నిషు తొమ్మిది పూతలు పూశాం. ఆరో పూతకి నీళ్ళైంది.

అగరొత్తి పుల్లలు చెరువులో మేతగుంజలయ్యాయి. చెరువుల్లో చేపలకి మేత ఎలా పెడతారో చాలామందికి తెలీదు. తవుడూ చెక్కా (ఇది ఇంకో చెక్క, గింజల్లోంచి నూనె తీసేయగా మిగిలింది) కలిపి, చిల్లులు పెట్టిన సంచుల్లో నింపి గుంజలకి వేలాడగడతారు. శీలావతులూ బొచ్చెలూ వచ్చి ఆ చిల్లుల దగ్గర పొడుచుకు తింటాయి. సంచులకి తెల్లదారం ముడులు వేశాం. ఇక కొంగలు. అర మీటరు పక్షి అంటే అయిదు మిల్లీమీటర్లు. టెక్కలి మిత్రుడు మెస్సుకి వెళ్ళి గుప్పెడు నూకలు పట్టుకొచ్చాడు. పచ్చటి చేలో రెండు నూకలు నిలబెట్టి చూడండి, అవి కొంగలు కాదని ఎవరైనా అంటే నన్నడగండి. నాయనమ్మని అగ్గిపుల్లతో చేసి, క్యారేజీ చేతికిచ్చి, పెద్దమడి గట్టు మీద పెట్టాం.

కరెంటు పని వాల్తేరు మిత్రులది. పన్నెండు వోల్టుల డి.సి. పట్టాల్లోంచి పోతుంది, ధ్రువాలు మారిస్తే బండి వెనక్కి నడుస్తుంది. సముద్రపు గాలికి పట్టాల మీద పొర కట్టి బండి ఆగి ఆగి నడుస్తుంటే రోజూ రబ్బరుతో రుద్దడం నా వంతు. ఆర్డువినో బోర్డు, రెండు ఇన్‌ఫ్రారెడ్ సెన్సార్లు, ఓ చిన్న సెర్వో మోటారు పెట్టి గేటు వేయించారు. అమెరికాలో ఎం.ఐ.టి. విద్యార్థులు 1946లో బొమ్మరైలు క్లబ్బు పెట్టుకున్నారట. పట్టాల కింద రిలేలతో కుస్తీ పట్టిన ఆ కుర్రాళ్ళలోంచే తొలితరం కంప్యూటరు ప్రోగ్రామర్లు కొందరు వచ్చారు. మా వాల్తేరు మిత్రులకి ఆ కథ చెప్పినప్పటినుంచి వాళ్ళు మెస్సుకి రావడం మానేశారు.

ఎగ్జిబిషను నాడు జనం బాగానే వచ్చారు. రైల్వేలో పనిచేసి రిటైరైన పాత విద్యార్థి ఒకాయన అరగంట నిలబడి, గేటు పడ్డాకనే సిగ్నలు పచ్చబడుతోందా లేదా అని అయిదుసార్లు పరీక్షించారు. పడ్డాకనే అవుతోంది. "ఊఁ" అని వెళ్ళిపోయారు. ఆ "ఊఁ" కోసం మావాళ్ళు వారం రోజులు కష్టపడ్డారు.

నాన్న రాత్రి బండికి వచ్చాడు. అప్పుడు పెట్టి ఉన్నది చేను పళ్ళెం. చేతులు వెనక కట్టుకుని చుట్టూ తిరిగాడు. వంగి చూశాడు. తాకకుండా వేలితో తూము చూపించాడు. "తుమ్మచెట్టు ఇంకొంచెం కట్టవైపుండేది" అన్నాడు. ఇంకేమీ అనలేదు. బండి మూడుసార్లు తిరిగాక "రెండోది కూడా ఉందన్నావు కదరా, పెట్టు" అన్నాడు. మేం నలుగురం కలిసి చేను పైకెత్తి పక్కన పెట్టి, చెరువు దించాం. అందులో మా హద్దు ఎక్కడా గియ్యలేదు. ఉన్నది ఉన్నట్టే. ఒక చంటివాడు "చేపలేవీ?" అని అడిగితే నాన్నే ముందుకు వచ్చి, మేతసంచులు చూపించి, తవుడు ఎప్పుడు పోస్తారో, పడవలో ఎలా తిరుగుతారో వాడికి చెప్పడం మొదలెట్టాడు. చుట్టూ పదిమంది మూగారు. లెక్చరర్లు కూడా నిలబడి విన్నారు. ఎవరో "మీ చెరువేనాండీ?" అని అడిగారు. "మా పొలమండీ" అన్నాడు నాన్న.

సాయంత్రం దాకా చెరువు పళ్ళేన్నే ఉంచేశాం. చేను పళ్ళెం గోడకి ఆనించి ఉంటే నాన్న ఓసారి వెళ్ళి దాన్ని చదునుగా, ఎవరి కాళ్ళూ తగలని చోట, బల్ల మీద పెట్టి వచ్చాడు.

ప్రస్తుతం ఆ చెక్క ఫిజిక్సు లాబు వెనక గదిలో ఉంది. చూడాలనుకునేవారు అటెండరు గారిని అడిగితే తాళం తీస్తారు. పట్టాలు రబ్బరుతో రుద్దాకే స్విచ్చి వెయ్యండి. పని ఇంకా మిగిలే ఉంది. మా ఊళ్ళో వరి పండిన రోజుల్లో ఒంటి లైను మీద డీజిలింజనే నడిచేది. చెరువు వచ్చిన కాలానికి దాదాపు కరెంటు కూడా వచ్చేసింది. అందుచేత చెరువు పళ్ళెం పెట్టినప్పుడు డీజిలింజను తిప్పడం న్యాయం కాదని సెకండియర్ వాళ్ళు పట్టుబడుతున్నారు. స్తంభాలు కావాలి, అవి చేను పెట్టినప్పుడు ఊడదీయడానికి వీలుగా ఉండాలి. నేల మీద తీగ అయిదున్నర మీటర్ల ఎత్తులో ఉంటుంది, అంటే మాకు అయిదున్నర సెంటీమీటర్లు. పాత సైకిలు పుల్లలు సరిపోతాయనిపిస్తోంది. ఎవరి దగ్గరైనా తుప్పు పట్టని చక్రం ఉంటే ఇప్పించగలరు.